పిల్లనడుగుట, పిల్లను అడుగుట

ధ్యాన భాగము: ఆదికాండము 24వ అధ్యాయము



మన పల్లెలలో కోతలు ముగిసి ధాన్యము ఇల్లు చేరిన తరువాత పెండ్లి మాటలు మొదలగును. "ఫలానివారింట పిల్లనడిగిరి" అని ఒకరు, "మేమును పిల్లనడుగ వెళ్లుచున్నాము" అని మరియొకరు చెప్పుకొందురు. ఈ మాటను చిన్ననాటినుండి వినుచున్నాను. పాదిరిగా ఎన్నో ఇండ్లకు పెద్దలతోకూడ ఈ పనిమీద వెళ్లియున్నాను. వెళ్లినచోట ఏమి చేయుదుము? తండ్రిని అడుగుదుము. మేనమామను అడుగుదుము. ఇంటిపేరు అడుగుదుము, పొలమెంతయని అడుగుదుము. కట్నము నేరమని 1961లోనే చట్టము వచ్చినను, సిగ్గువిడిచి కట్నమెంతయనియు అడుగుదుము. పిల్ల కాఫీ గ్లాసుల పళ్లెము పట్టుకొని వచ్చి, తల వంచుకొని కాసేపు నిలిచి, లోపలికి వెళ్లిపోవును. పిల్లనడుగుట అయిపోయినది. పిల్లను మాత్రము ఎవరును అడుగలేదు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక శనివారము సాయంకాలము, నేను మరునాటి ప్రసంగమునకు సిద్ధపడుచుండగా, మా సంఘములోని యౌవనుడొకడు వచ్చి వరండాలో నిలిచెను. కరెంటు పని చేయువాడు. తండ్రి లేడు. తల్లిని పోషించుకొనుచు, ఎవరింట వైరు కాలినను పిలిచిన వెంటనే వచ్చువాడు. వయస్సు 26. కూర్చుండుమంటే కూర్చుండడు. చివరకు జేబులోనుండి ఫోను తీసి నా చేతికిచ్చి, "అయ్యగారూ, ఇది చదవండి. పంపించవచ్చో లేదో చెప్పండి" అనెను.

అది మా సండేస్కూలులో చిన్నపిల్లలకు పాఠము చెప్పు అమ్మాయికి వ్రాసినది. ఆమె నర్సు చదువు ముగించి, దగ్గరి పట్టణములో ఆసుపత్రి ఉద్యోగమునకు రోజును బస్సులో పోయి వచ్చుచుండెను. ఆమె నంబరును పాటల బృందమువారి వాట్సాప్ గ్రూపులోనుండి తీసికొనెనట. తాను రెండు సంవత్సరములుగా ప్రార్థించుచున్నాననియు, దేవుడు ఆమెనే తనకు చూపించెననియు, ఆమె కాదనినయెడల దేవుని మాటను కాదనినట్లేననియు అందులో వ్రాసియుండెను.

"ఇందులో తప్పేమైనా ఉందా అయ్యగారూ? చెడ్డ మాట ఒక్కటి కూడా లేదు" అనెను. నిజమే, ఒక్కటియు లేదు. వాని మనస్సులో కపటమును లేదు. అయినను ఆ చివరి మాట చదివినప్పుడు నా చేయి వణకెను. ఏలయనగా ఆ మాట నాది. ఇరువది సంవత్సరములకు ముందు నేను దానిని వేరొక ఇంట పలికియుంటిని. ఆ సంగతి తరువాత ఒప్పుకొందును. ముందుగా ఆ సాయంకాలము వానిని కూర్చుండబెట్టి చదివించిన వాక్యభాగమును మీరును నాతోకూడ చూడుడి.

ఆదికాండములోకెల్ల పొడవైన అధ్యాయము ఈ 24వది. భూమ్యాకాశములు కలిగిన వృత్తాంతమునకు మొదటి అధ్యాయములో 31 వచనములు చాలెను. ఒక పిల్లనడుగుటకు 67 వచనములు పట్టెను. వాక్యమునకు తొందర లేదు. మనకే తొందర.

అబ్రాహాము వృద్ధుడాయెను. తన ఇంటి పెద్ద దాసుని పిలిచి, కనాను స్త్రీలలోనుండి గాక తన స్వజనులలోనుండి ఇస్సాకుకు భార్యను తెమ్మని ప్రమాణము చేయించెను. (ఆ దాసుని ఎలీయెజెరని ప్రసంగములలో పిలుచుట వాడుక. ఆ పేరు 15వ అధ్యాయములోనిది. ఇక్కడ అతని పేరు వ్రాయబడలేదు.) అప్పుడు ఆ దాసుడు యజమానుని అడిగిన మొదటి ప్రశ్న ఏదో చూడుడి. దారి ఎంత దూరమని కాదు, ఖర్చు ఎంతయని కాదు. ఆమెకు నావెంట వచ్చుటకు ఇష్టము లేనియెడల ఏమి చేయవలెనని అడిగెను (5వ వచనము). ఇంకను ఒంటెలకు జీను కట్టలేదు. పిల్ల ఎవరో తెలియదు. ఆమె "వద్దు" అనవచ్చునను తలంపు మాత్రము అతనితోకూడ ముందే బయలుదేరినది. అబ్రాహాము కోపపడెనా? నా ఇంటి సంబంధమును కాదను పిల్ల యుండునా అనెనా? లేదు. ఆమెకు ఇష్టము లేనియెడల నీవు ఈ ప్రమాణమునుండి విడుదల పొందుదువని చెప్పెను (8వ వచనము). వాగ్దానము పొందినవాడు, దేవుని స్నేహితుడని పిలువబడినవాడు, ముక్కు ముఖము తెలియని ఒక పిల్ల "వద్దు" అను మాటకు ముందే చోటు విడిచిపెట్టెను.

ఇక బావి దగ్గరకు రండి. సాయంకాలము, స్త్రీలు నీళ్లకు వచ్చు వేళ. రిబ్కా కడవ భుజముమీద పెట్టుకొని, ఊటలోనికి దిగి, నింపుకొని, పైకెక్కి వచ్చెనని 16వ వచనములో ఉన్నది. దిగుడుబావి ఎరిగిన మన తల్లులకు ఈ వచనమును వేరుగా వివరింపనక్కరలేదు. దాహము గొనిన ఒంటె ఒక్కసారికి దాదాపు 100 లీటర్ల నీళ్లు త్రాగగలదు. అక్కడ పది ఒంటెలున్నవి. మన ఇంటి బిందెలతో లెక్క వేసినయెడల, అన్నియు కడుపార త్రాగుటకు ఏబది బిందెలైనను కావలెను. ఆమె మరల మరల దిగి, మరల మరల ఎక్కి, తొట్టిలో పోయుచుండెను. ఆ మనుష్యుడు ఊరకుండి చూచుచుండెను (21వ వచనము). ఆమె రూపము చక్కనిదని వాక్యము చెప్పుచున్నది గాని, అతడు కనిపెట్టి చూచినది ఆమె పనిని, ఆమె మనస్సును. యౌవనులారా, మీరు ఒక పిల్లను ఎక్కడ చూచితిరి, ఏమి చేయుచుండగా చూచితిరి? ఫోనులోని బొమ్మ చూచి మనస్సు పడుట వేరు, జబ్బుగానున్న ముసలమ్మకు ఆమె గంజి త్రాగించుచుండగా చూచుట వేరు.

తరువాత అతనిని ఇంటికి పిలిచి భోజనము వడ్డించిరి. మన సంగతి మనకు తెలిసినదే. ముందు భోజనము, తరువాత ఊరి మాటలు, తరువాత వానలు, చివరకు లేచునప్పుడు చెప్పులు తొడుగుకొనుచు వచ్చిన పని చెప్పుదుము. అతడు మాత్రము వచ్చిన పని చెప్పకముందు ముద్ద నోట పెట్టననెను (33వ వచనము). వారి అన్నము తిని, మొగమాటమున పడవేసి, ఆ తరువాత అడుగుట అతనికి ఇష్టము లేదు. అడుగుటలో ఇది గొప్ప మర్యాద. ఉద్దేశమును దాచి, స్నేహమని, సహాయమని, చర్చి పని అని నెలలకొలది చుట్టు తిరిగి, ఆమె నమ్మిన తరువాత అసలు మాట బయటపెట్టువాడు ఆమెను అడుగుట లేదు, వల పన్నుచున్నాడు.

అన్నిటికంటె ముఖ్యమైన వచనము 49వది. దానిమీద మీరు వ్రేలు పెట్టుడి. ఆ దాసునికి దేవుడు సూచన ఇచ్చెను. అతడు ప్రార్థించి ముగింపకముందే పిల్ల కడవతో వచ్చెను. అడిగినది అడిగినట్లే జరిగెను. దేవుడు దారి చూపెనని చెప్పుటకు అతనికున్నంత హక్కు మనలో ఎవనికున్నది? అతడు ఆ సంగతియంతయు వారియెదుట దాచక వివరించెను. వివరించిన తరువాత, దేవుడే చెప్పెను గనుక ఇయ్యవలసినదే అని పట్టుపట్టలేదు. మీకు సమ్మతమైతే చెప్పుడి, కాకపోయినను చెప్పుడి, నేను కుడికో ఎడమకో నా దారిని పోవుదును అని అనెను. సూచన దొరికిన తరువాతకూడ "కాదు" అను తలుపును తెరిచియుంచెను. దేవుని చిత్తమైతే దేవుడే ఆమె మనస్సును ఒప్పించును, నేను ఆమె నోరు నొక్కనక్కరలేదు అనునట్టి విశ్వాసము ఆ దాసునిది.

తండ్రియు అన్నయు ఒప్పుకొనిరి. మరునాడు, పది దినములైన ఉండనిమ్మని అన్నయు తల్లియు బతిమాలగా, ఆ మాట చిన్నదానినే అడుగుదమని రిబ్కాను పిలిచిరి. ఈ మనుష్యునితో వెళ్లుదువా అని అడుగగా, వెళ్లుదునని ఆమె తన నోటనే చెప్పెను (57, 58 వచనములు). అక్కడ అడిగినది పెండ్లిని గూర్చి కాదు, వెంటనే ప్రయాణమగుటను గూర్చి మాత్రమే అని కొందరు పండితులందురు. కావచ్చును, నేను వాదింపను. ప్రయాణపు దినమునకే పిల్లను పిలిచి అడిగినవారు, జన్మాంతపు బంధమునకు అడుగనక్కరలేదని మనకు నేర్పుచున్నారా?

ఇప్పుడు నా సంగతి. నేను క్రొత్తగా పరిచర్యకు వచ్చిన దినములలో, వేరొక ఊరిలో ఒక బీద విశ్వాసి ఇంట పెద్ద కుమార్తె ఉండెను. మంచి సంబంధము వచ్చినది. పిల్లవాడు త్రాగడు, రెండెకరముల మాగాణి ఉన్నది, వారు కట్నము అడుగలేదు. నేనే ముందుబడి వెళ్లితిని. ఆ పిల్ల పెరటిలో మిరపకాయలు ఆరబోయుచుండెను. ఇంకను చదువుకొనవలెనని ఆమెకు మనస్సున్నదని తల్లి మెల్లగా అనబోగా, నేను ఆ పిల్లను పిలిచి, "అమ్మా, ఇది దైవచిత్తము. దేవుడు చూపిన దారిని కాదనకూడదు" అంటిని. ఆమె తల వంచుకొనెను. మౌనము అర్ధాంగీకారమని లోకులందురు గదా, నేనును అట్లే తలంచి సంతోషముగా ఇంటికి వచ్చితిని. అర్ధాంగీకారమైనయెడల మిగిలిన అర్ధము ఎక్కడ ఉన్నదని నేను విచారింపలేదు. మూడు ఆదివారములు పెండ్లి ప్రకటనలు చదివితిని. పీఠము నొద్ద క్రమము చొప్పున పెండ్లికుమారుని అడిగితిని, గట్టిగా చెప్పెను. పెండ్లికుమార్తెను అడిగితిని. పెదవులు కదలినవి, శబ్దము నాకు వినబడలేదు. బయట భజంత్రీలు ఆతురపడుచుండిరి. నేను పుట త్రిప్పితిని.

ఏండ్లు గడచిన తరువాత ఒక కన్వెన్షనులో ఆమె నన్ను గుర్తుపట్టి వచ్చి పలుకరించెను. భర్త మంచివాడే, పిల్లలు చదువుకొనుచున్నారు. నాకు అన్నము పెట్టి, మాటల నడుమ కోపము లేకుండ, "అయ్యగారూ, ఆ రోజు నాకు టెంత్ పరీక్ష రాయాలని ఉండింది. మా నాయనకైతే వద్దని చెప్పేదాన్ని. మీరు దేవుని పేరు చెప్పారు. దేవునికి వద్దని ఎట్లా చెప్పను?" అనెను. నేను జవాబు చెప్పలేకపోతిని. అప్పుడు ఆమె వయస్సు పదునారో పదునేడో. స్త్రీకి 18, పురుషునికి 21 సంవత్సరములు నిండవలెనని చట్టములో ఉన్న సంగతి నాకు తెలియక కాదు. అడుగలేదు, అంతే. పెండ్లి పుస్తకములో పెద్దలు చెప్పిన వయస్సు వ్రాసికొంటిని. ఈ తప్పు నాది. నా మీద మరి ఎవరును ఒత్తిడి చేయలేదు.

మన ప్రభువు అట్టివాడు కాడు. బేతెస్ద కోనేటియొద్ద 38 ఏండ్లు మంచము పట్టియున్న రోగిని చూచినప్పుడు, స్వస్థపడ గోరుచున్నావా అని ముందుగా అడిగెను (యోహాను 5:6). ఆ రోగికి ఏమి కావలెనో ప్రభువునకు తెలియదా? తెలిసియు అడిగెను. పౌలు ఫిలేమోనుకు వ్రాసిన చిన్న పత్రిక చూడుడి. ఆజ్ఞాపించుటకు అధికారముండియు, ప్రేమనుబట్టి వేడుకొనుచున్నానని వ్రాసెను. నీ సమ్మతి లేనిది ఏమియు చేయ నా కిష్టము లేదు, నీవు చేయు మేలు బలవంతముచేత కాక మనఃపూర్వకముగా ఉండవలెనని 14వ వచనములో ఆయన భావము. అపొస్తలుడు ఒక దాసుని విషయములో ఇంత జాగ్రత్తపడగా, మనము ఒక కన్య జీవితకాలమును గూర్చి పడవద్దా?

ఆ సాయంకాలము ఆ పిల్లవానికి ఇదంతయు చెప్పితిని, నా తప్పుతో సహా. వాడు చాలసేపు మాటలాడలేదు. తరువాత ఆ వ్రాతను చెరిపివేసి, "మరి ఎట్లా అడగాలి అయ్యగారూ? అసలు అడగకూడదా?" అనెను.

అడుగవచ్చును. ఇక్కడ పెద్దలు కొందరు నాతో ఏకీభవింపకపోవచ్చును. పిల్లవాడు పిల్లతో మాటలాడుటయే పాపమని మన ఊళ్లలో ఒక తలంపున్నది. ఆ తలంపుచేత ఏమి జరుగుచున్నదనగా, పగలు పదిమందియెదుట మర్యాదగా చెప్పదగిన మాట రాత్రి పదకొండు గంటలకు ఫోనులో దొంగచాటుగా పోవుచున్నది. యౌవన స్త్రీలను పూర్ణ పవిత్రతతో అక్కచెల్లెండ్రవలె ఎంచుమని తిమోతికి పౌలు వ్రాసిన మాట (1 తిమోతి 5:2) వారితో మాటలాడవద్దని కాదు. నీ చెల్లెలిని ఒకడు ఏ విధముగా అడిగితే నీకు సమ్మతమో, ఆ విధముగా నీవు అడుగుము. అంతకంటె మంచి కొలత నాకు తెలియదు.

వాడు మొదట తన తల్లికి చెప్పెను. ఆమె ఏడ్చి, తరువాత ఒప్పుకొనెను. మా ఇంటి అమ్మగారికి కూడ తెలియజేసితిమి. మరుసటి ఆదివారము ఆరాధన విడిచిన తరువాత, దేవాలయపు వేపచెట్టు క్రింద, అందరికి కనబడునట్లును ఎవరికి వినబడనట్లును నిలిచి, ఆమెతో చెప్పెను. ఏమి చెప్పెనో వాడే నాకు తరువాత తెలిపెను. "టీచరుగారూ, మీతో రెండు మాటలు చెప్పాలి. మిమ్మల్ని పెండ్లి చేసుకోవాలని నాకుంది. మీకిష్టమైతేనే మా అమ్మ మీ ఇంటికి వస్తుంది. ఇష్టం లేకపోతే అమ్మగారితో ఒక్క మాట చెప్పండి, కారణం చెప్పక్కర్లేదు. తొందర కూడా లేదు. మా అమ్మకు, అయ్యగారి ఇంట్లో తప్ప ఈ మాట ఇంకెవరికీ తెలియదు, నేను తెలియనివ్వను. మీ నంబరు అడక్కుండా తీసుకున్నాను, తీసేశాను. అది నా తప్పు." ఇంతే. రెండు నిమిషములు పట్టలేదు. ఆమె, "సరే, ఆలోచించి అమ్మగారితో చెబుతాను" అని తన పిల్లల దగ్గరకు వెళ్లిపోయెను.

వాడు జవాబును తనకే చెప్పుమనలేదు. ముఖముమీద "వద్దు" అనుట మన పిల్లలకు కష్టము. మంచివానితో అనుట మరింత కష్టము. అందుకని ఒక పెద్ద స్త్రీని నడుమ ఉంచుట మేలు. తండ్రియెదుట, అన్నలయెదుట నిలువబెట్టి అడిగిన ప్రశ్నకు వచ్చు జవాబు తండ్రిది, అన్నలది. వంటయింటిలో, ఇద్దరు స్త్రీలు కూర్చుండి చిక్కుడుకాయలు ఒలుచుకొనుచున్నప్పుడు వచ్చు జవాబు ఆమెది. మాట బయటకు పొక్కనియ్యకపోవుటయు అంత అవసరమే. పల్లెలో పుకారు పుట్టినయెడల పిల్లవానికి నవ్వులు, పిల్లకు నిందలు. రాత్రి కళ్లములో రూతు తన్ను అడిగినప్పుడు బోయజు ఏమి చేసెనో చూడుడి. ఆమె తొందరపడెనని చులకన చేయలేదు. ఆమెను దీవించి, తనకంటె దగ్గరి బంధువు ఒకడున్నాడను నిజమును దాచక చెప్పి, ఆమె అక్కడికి వచ్చిన సంగతి ఎవరికిని తెలియకుండ చూచెను (రూతు 3:10-14). అక్కడ అడిగినది స్త్రీ అని కూడ గమనించుడి. మన పిల్లలలో ఎవతెకైనను ఒకనిమీద మనస్సుండి, తల్లితోనో అమ్మగారితోనో ధైర్యముచేసి చెప్పినయెడల, ఆమెను సిగ్గులేనిదని అనకుడి. అట్లు అనువారు రూతు గ్రంథమును మరియొకమారు చదువుకొనవలెను.

తలిదండ్రులతో ఒక మాట. మీ కుమార్తె ఇంటికి వచ్చి, "ఫలానివాడు నన్నిట్లు అడిగాడు" అని చెప్పినప్పుడు, మీరు మొదట చేయు పని ఏది? "నీవేమి చేస్తే వాడడిగాడు?" అని గద్దించి, చదువు మానిపించి, పాటల బృందము మానిపించి ఇంట కూర్చుండబెట్టెదరా? అట్లయితే రెండవసారి ఎవడైనను దుర్మార్గుడు ఆమె వెంటబడినప్పుడు ఆమె మీతో చెప్పదు. ఆ దినమున మీరు ఎంత ఏడ్చినను ప్రయోజనముండదు. రిబ్కా పరుగెత్తిపోయి తల్లి ఇంటివారితో జరిగినదంతయు చెప్పెను (28వ వచనము). చెప్పుకొనుటకు పరుగెత్తుకొని రాదగిన ఇల్లుగా మీ ఇల్లున్నదా?

ఇక "వద్దు" అనిన తరువాతి సంగతి. దావీదు కుమారుడైన అమ్నోను తామారుమీది మోహముచేత చిక్కిపోయెను. యోనాదాబను మిత్రుడొకడు వానికి ఉపాయము నేర్పెను. ఆమె వద్దని బతిమాలెను, రాజును అడుగుమని దారియు చూపెను. వాడు ఆమె మాట వినక బలవంతము చేసెను. వెంటనే, ప్రేమించినదానికంటె ఎక్కువగా ఆమెను ద్వేషించెను (2 సమూయేలు 13:1-15). "వద్దు" అను మాటను వినలేని ప్రేమ ప్రేమ కాదని, అది ద్వేషమునకు వేసికొన్న చొక్కాయని ఈ అధ్యాయము చూపుచున్నది. ఇది పాతకాలపు సంగతి కాదు. 2008 డిసెంబరులో వరంగల్లులో ఇంజనీరింగు చదువుచున్న ఇద్దరు అమ్మాయిలమీద ఆసిడ్ పోసిరి. వారిలో ఒకరు ఆ గాయములచేత మృతినొందెను. యోనాదాబు వంటి మిత్రులు నేడును ఉన్నారు. "వెంటబడితే ఎప్పటికైనా ఒప్పుకుంటుంది" అని చెప్పుదురు. సినిమాలలోని కథానాయకుడును అదే నేర్పుచున్నాడు. ఇష్టము లేదని స్త్రీ స్పష్టముగా తెలిపిన తరువాత మరల మరల వెంబడించుట, మాటలాడ ప్రయత్నించుట మన దేశములో 2013 నుండి నేరము. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షను. అయితే విశ్వాసి జైలుకు భయపడి గాక, ఆమె క్రీస్తు రక్తముచేత కొనబడిన సహోదరి గనుక ఆగవలెను.

మా అమ్మగారి దగ్గరకు ఆ అమ్మాయి మూడు వారముల తరువాత వచ్చెను. వచ్చి, వద్దని చెప్పెను. కారణము అడుగలేదు, ఆమెయు చెప్పలేదు. నేను వానిని పిలిపించి ఆ మాట చెప్పినప్పుడు వాని ముఖము వాడిపోయెను. కొంతసేపటికి ఒకే ఒక ప్రశ్న అడిగెను: "నేను అడిగినందుకు బాధపడిందా?" మా ఇంటి అమ్మగారు లోపలినుండియే, "లేదు నాయనా. మర్యాదగా అడిగారని చెప్పమన్నది" అనిరి. వాడు లేచి వెళ్లిపోయెను. ఆ ఆదివారము ఆరాధనకు రాలేదు. మరుసటి ఆదివారము వచ్చి వెనుక బల్లలో కూర్చుండెను. ఆ అమ్మాయి సండేస్కూలు మానలేదు, దారి మార్చుకొని నడువలేదు, తల వంచుకొని తిరుగలేదు. డిసెంబరులో దేవాలయముమీది నక్షత్రము దీపము ఆరిపోగా, వాడే నిచ్చెన వేసికొని ఎక్కెను. క్రింద ఆమె పిల్లలు గోలచేయుచుండిరి. ఆమె వారిని దూరముగా జరిపి, "జాగ్రత్తండీ, నిచ్చెన కదులుతోంది" అని పైకి కేకవేసెను. "పట్టుకోమనండి" అని వాడు పైనుండి చెప్పెను. పెద్దపిల్లలు ఇద్దరు వచ్చి పట్టుకొనిరి.

వాని ప్రార్థనకు దేవుడు జవాబియ్యలేదా అని మీరు అడుగవచ్చును. ఇచ్చెను, "కాదు" అని ఇచ్చెను. రెండు సంవత్సరములు ప్రార్థించి "కాదు" అను జవాబు పుచ్చుకొనుట ఎంత కష్టమో నేను తేలికగా మాటలాడను. వాడు ఆ చలికాలమంతయు సన్నబడెను. తల్లి నా దగ్గరకు వచ్చి, "ఆ పిల్లకు మీరైనా నచ్చచెప్పండి అయ్యగారూ" అని అడిగినప్పుడు, ఆమెకు ఏమి చెప్పవలెనో తోచక, కూర్చుండి ఆమెతోకూడ ప్రార్థించితిని. నచ్చచెప్పుటకు మాత్రము వెళ్లలేదు. ఒకసారి వెళ్లి చూచితిని గదా.

గత సంవత్సరము వానికి వేరొక ఊరి అమ్మాయితో సంబంధము కుదిరెను. ఆమెనుకూడ వాడు అట్లే అడిగెనట, ఆమె ఒక వారము గడువడిగి ఒప్పుకొనెను. మూడు ఆదివారములు ప్రకటనలు నేనే చదివితిని. వివాహ దినమున వర్షము కురియుచుండెను, దేవాలయపు రేకులమీద చప్పుడు ఎక్కువగా ఉండెను. క్రమము చొప్పున పెండ్లికుమార్తెను అడిగితిని. ఆమె జవాబు చెప్పెను గాని ఆ చప్పుడులో నాకు వినబడలేదు. బంధువులు నా వైపు చూచుచుండిరి. పుస్తకము పుటమీద చేయి అట్లే ఉంచి, రెండవసారి అడిగితిని. ఈసారి వెనుక బల్లలోని ముసలమ్మలకు సహా వినబడెను.